రేడియో మాట్లాడని వేసవి

ఆ వేసవిలో మా ఆయన నలభై రెండు రోజులు నోరు విప్పలేదు.

అలిగి కాదు. ఆయనకి అలగడం చేతకాదు. ఒకవేళ అలిగినా ఆ సంగతి పదిమందికీ చెప్పుకోకుండా ఉండలేరు. గొంతు బొంగురుపోయి నెల దాటినా తగ్గకపోతే నేనే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి చూసి, స్వరపేటిక మీద రెండు చిన్న బొడిపెలు లేచాయని చెప్పింది. ఏం పని చేస్తారని అడిగింది. రిపేరు షాపని ఆయన మొదలుపెట్టారు. ఫ్యాన్లు, మిక్సీలు, కూలర్లు, ఇస్త్రీ పెట్టెలు అంటూ, షాపు ఏ మలుపులో ఉంటుందో, ఎదురుగా ఏముందో, ఏ రకం మోటారు ఎందుకు తొందరగా కాలిపోతుందో చెప్పుకుంటూ పోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"జబ్బు ఇదేనండీ. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెడ్డవి. అప్పటికి బొడిపెలు కరిగితే సరే. లేకపోతే ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో నేను ఇప్పుడే మాటివ్వలేను."

ఆయన "అంటే" అన్నారు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆ "అంటే" అన్నదే ఆఖరి మాట.

మా వీధిలో ఆయన్ని రేడియో అంటారు. ఎదుటపడి కూడా అంటారు, ఆయన పలుకుతారు కూడా. షాపులో ఆయనా, మా అబ్బాయీ లోపల బల్ల దగ్గర పనిచేస్తారు. ముందు కౌంటర్లో ఇరవయ్యేడేళ్లుగా నేను కూర్చుంటాను. వచ్చిన వస్తువుకి టోకెన్ నంబరు రాసి, రిజిస్టర్లో పేరూ, వస్తువూ, దాని రోగమూ ఎక్కించడం నా పని. ఫోను మాత్రం ఆయనది. వేసవి వచ్చిందంటే రోజుకి ఎనభై, తొంభై ఫోన్లు. అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: "అయిందా?" దానికి అయిందనో కాలేదనో చెప్పి పెట్టెయ్యొచ్చు. ఆయన పెట్టరు. ఫ్యాను గురించి అడిగినవాళ్ల మోకాళ్ల నొప్పి దాకా కనుక్కుని గానీ పెట్టరు. జనం కూడా సగం అందుకే చేసేవారు.

మర్నాటి నుంచి ఆ ఫోను నా చేతికొచ్చింది. మొదటి రోజు లెక్కపెట్టాను, ఎనభై మూడు. ఒక పక్క ఫోను, ఇంకో పక్క కౌంటర్లో మనుషులు, మధ్యలో రిజిస్టరు. మా వాణ్ణి ఎత్తమందామంటే వాడికి తండ్రి పోలిక ఒక్కటీ రాలేదు. ఎత్తి "లేదు" అని పెట్టేసేవాడు. అయిపోయిన వాటికి కూడా "లేదు" అనేవాడు. మూడో రోజుకి నా గొంతు కూడా గీరుకుపోయింది. మా ఆయన ఒక కాగితం ముక్క మీద రాసి నా ముందుకి తోశారు: "డాక్టరమ్మ దగ్గరికి నువ్వు కూడా రా. ఇద్దరికీ ఒకే ఆటో చాలు."

నవ్వించడానికే రాశారు. కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. కౌంటరు దాకా రావడం మానేసి, వీధికి వీపు పెట్టి బల్ల దగ్గరే కూర్చునేవారు. ఎవరైనా "ఏం రేడియోగారూ" అని పలకరిస్తే స్క్రూడ్రైవరు ఎత్తి ఊపి, మళ్లీ తల దించుకునేవారు. ఆ వంగిన వీపు చూసినప్పుడల్లా నాకు ఆపరేషన్ మాటే గుర్తొచ్చేది.

మా కోడలి గురించి ఇప్పుడు చెప్పాలి. అప్పటికి పెళ్లయి అయిదు నెలలు. కాలేజీలో కంప్యూటర్ల పాఠాలు చెబుతుంది. మంచి పిల్ల, కానీ ఇంట్లో అతిథిలా మసిలేది. "మీ గ్లాసులు ఎక్కడ సర్దమంటారు", "మీ షాపు ఎన్నింటికి తీస్తారు", ఇలా ఉండేవి ఆమె మాటలు. మా వాడొక్కడు తనవాడు, మిగిలినదంతా మాది. ఇందులో నా పాపమూ ఉంది. ఆమె దేని మీద చెయ్యి వేసినా "వద్దమ్మా, నువ్వు కూర్చో" అనేదాన్ని. ప్రేమతోనే అనేదాన్ని, కానీ కూర్చున్న మనిషి ఎంతకాలమని కూర్చుంటుంది?

అవి ఆమెకి సెలవులు. నాలుగో రోజు మాకు క్యారేజీ తెచ్చి, మేం తింటున్నంతసేపూ నా బదులు ఫోనెత్తింది. అరగంటలో పదకొండు. ఆఖరిది పెట్టేసి, "అత్తయ్యగారూ, మీ షాపుకి ఒక పేజీ పెడితే ఎలా ఉంటుంది? వాళ్లే ఫోన్లో చూసుకుంటారు," అంది.

ఆ మధ్యాహ్నమే పెట్టేసింది. టోకెన్ నంబర్లు వరసగా, పక్కన అయింది, కాలేదు అని. చూడముచ్చటగా ఉంది. అయితే లోపల ఒక ఫ్యాను పూర్తయినప్పుడల్లా ఆమె ఆ పేజీని తెరిచి, ఆ వరస మార్చి, మళ్లీ పంపాల్సి వచ్చేది. ఆరు మార్చేసరికి మూడు పాతబడేవి. సాయంత్రం దాకా చూసి నేనే అన్నాను.

"ఏమ్మా, ఇది సుద్దముక్కతో రాసే బోర్డే కదా. కరెంటు పెట్టావు, అంతే."

ఆమె ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వింది. అంత సన్నటి మనిషిలో అంత పెద్ద నవ్వుందని అయిదు నెలల్లో నాకు తెలీదు.

"నిజమే అత్తయ్యగారూ. ఇది రాసిపెట్టిన పేజీ. మనకి కావలసింది అడిగినప్పుడు తయారయ్యే పేజీ," అంది. వాళ్లు నంబరు పంపితే, ఎక్కడో ఉన్న సర్వరు అనే కంప్యూటర్లో మనం రాసిపెట్టిన స్క్రిప్టు, అంటే ఆజ్ఞల వరస, లేచి, పట్టికలో ఆ నంబరు వెతికి, అప్పటికప్పుడు వాళ్ల కోసమే పేజీ రాసి పంపుతుందని చెప్పింది. పట్టిక మారితే చాలు, పేజీ తనంతట తనే మారుతుంది.

"నాకు నేర్పు," అన్నాను.

ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశారు. పెళ్లికి ముందు నేను టైపు నేర్చుకున్నానని ఇద్దరికీ గుర్తుచేశాను.

రెండు నుంచి నాలుగు దాకా ఎండకి ఎవరూ రారు. షట్టరు సగం దించి, కౌంటరు మీద రిజిస్టరు పక్కకి జరిపి, ఆమె కంప్యూటరు పెట్టేది. మొదటి రోజు నా చేత ఒకే ఒక్క వరస రాయించింది. పేజీ తెరిస్తే అందులో టైము కనిపించింది, రెండు గంటల పదిహేడు నిమిషాలు. మళ్లీ తెరవమంది. పద్దెనిమిది.

"ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదు. మీరు అడిగారు కదా. అడిగినప్పుడు సర్వరు గడియారం చూసి, రాసి పంపింది. మీరు అడగకపోతే ఆ పేజీయే లేదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పేజీని పదకొండుసార్లు తెరిచాను. మా ఆయన్ని కూడా పిలిచాను. ఆయన పేజీని చూసి, గోడ గడియారాన్ని చూసి, కాగితం మీద రాశారు: "మనది మూడు నిమిషాలు వెనక." కుర్చీ ఎక్కి గడియారం సరిచేసి వెళ్లిపోయారు.

రెండో రోజు "ఇలా అయితే ఇది, లేకపోతే అది" అని చెప్పడం నేర్పింది. పన్నెండు నుంచి నాలుగు లోపల ఎవరైనా పేజీ తెరిస్తే "ఈ ఎండలో రాకండి, సాయంత్రం రండి" అని కనబడాలని నా కోరిక. రాశాను. నొక్కాను. తెల్ల పేజీ వచ్చింది. ఒక్క అక్షరం లేదు. నేను సర్వరునే పాడుచేశాననీ, ఎక్కడో ఎవరో నిచ్చెన వేసుకుని దాన్ని బాగుచేసుకోవాలనీ హడలిపోయాను. కోడలు చేతులు కట్టుకుని, "మీరే వెతకండి," అంది. నలభై నిమిషాలు వెతికాను. ఒక వరస చివర సెమికోలన్ పెట్టలేదు. మా రోజుల్లో టైపు తప్పు కొడితే ఒక అక్షరమే చెడేది. ఇక్కడ ఒక చుక్క మర్చిపోతే ఇల్లంతా మూతి ముడుచుకుంటుంది.

ఇంకో రోజు నాకు పెద్ద అనుమానమే వచ్చింది. జనానికి వెళ్లే పేజీ లోపల ఏముంటుందో చూసే వీలుంది, ఆమే చూపించింది. నేను కష్టపడి రాసిన ఇరవై వరసల్లో ఒక్కటీ అందులో కనబడలేదు.

"నేను రాసిందేదమ్మా?"

"అది సర్వరులోనే ఉండిపోతుంది అత్తయ్యగారూ. జవాబు తయారుచేసి బయటికి పంపిస్తుంది. మనం ఎలా తయారుచేశామో వాళ్లకి తెలియదు."

కౌంటరు వెనక ఇరవయ్యేడేళ్లు కూర్చున్న దాన్ని, ఆ ముక్క నాకు ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

రిజిస్టర్లో ఉన్న అరవై నాలుగు వస్తువుల్నీ నేనే పట్టికలోకి ఎక్కించాను. నంబరు రాసే పెట్టె, నొక్కే మీట ఉన్న పేజీ ఇద్దరం కలిసి చేశాం. ముందుగా ఎదురుగా ఉన్న టైలరు మాస్టారికి పంపాం, ఆయన ఇస్త్రీ పెట్టె మా దగ్గరే ఉంది. రోడ్డుకి ఇవతల నుంచి ఇద్దరం చూస్తున్నాం. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. జేబులోంచి టోకెన్ తీసి చూశారు. ఒక వేలితో ఒక్కొక్క అంకే నొక్కారు. కాసేపు కదల్లేదు. తర్వాత తలెత్తి, కత్తెర పైకెత్తి ఊపుతూ, టేపు మెడలోంచి జారిపోతున్నా చూసుకోకుండా రోడ్డు దాటి వచ్చేశారు. ఆయన ఇస్త్రీ పెట్టె సిద్ధంగా ఉంది మరి.

అప్పటి నుంచి టోకెన్ వెనక పేజీ చిరునామా రాసి ఇచ్చాం. ఫోన్లు ఎనభై నుంచి నలభైకి, నలభై నుంచి పదిహేనుకి దిగాయి. చిక్కులు లేకపోలేదు. నంబరు రాయమన్న చోట ఒకాయన "నల్ల కూలరు" అని రాశాడు. ఒకావిడ తమ ఇంట్లో మిక్సీ ఎలా పాడయిందో, అందులో తప్పు ఎవరిదో నాలుగు వరసలు రాసింది. పేజీ బిక్కచచ్చిపోయింది. బయటి నుంచి వచ్చినదాన్ని చూడకుండా లోపలికి రానివ్వకూడదని కోడలు పాఠం చెప్పబోతే నేను ఆపాను. "దానంతట అదే పడిపోయిందండీ" అని తెచ్చిన ఏ మిక్సీనీ మూత తీసి చూడకుండా నేను ఎన్నడూ నమ్మలేదు. అంకెలు కానివి రాస్తే "టోకెన్ మీద ఉన్న నంబరు మాత్రమే రాయండి, మిగతా కబుర్లు వచ్చినప్పుడు చెప్పుకుందాం" అని జవాబొచ్చేలా రాశాం.

ఆ కబుర్ల మాటే మా ఆయన్ని కదిలించింది. అది చదివి కాగితం అందుకుని, "కబుర్లు ఎవరితో? నేను మూగవాణ్ణిగా," అని రాశారు. అదే రోజు రిటైరయిన పంతులమ్మ ఒకావిడ ఫోను చేసి, పేజీ చెప్పింది నిజమే గానీ మరీ పొడిపొడిగా ఉందనీ, రేడియోగారు చెప్పినట్టు లేదనీ అంది. నేను ఆ మాట ఆయనకి చెప్పాను.

మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తేసరికి కౌంటరు మీద చీటీ ఉంది. "ఇవాళ ఉక్కగా ఉంది. ఫ్యాను లేనివాళ్లు తడిగుడ్డ కిటికీకి కట్టుకోండి. మీ పని మీదే ఉన్నాం." దాన్ని పేజీ తలమీద పెట్టాం. ఆ మర్నాడు ఇంకోటి. అలా రోజూ ఒకటి రాయడం, మధ్యాహ్నం వచ్చి నా భుజం మీంచి చూసి, ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెట్టించడం ఆయనకి అలవాటయింది. వీధికి పెట్టిన వీపు ఇటు తిరిగింది. జనం నంబరు చూసుకోవడానికి తెరవడం మానేసి ఆయన ఏం రాశారో చూడటానికి తెరుస్తున్నారని టైలరు మాస్టారు చెప్పినప్పుడు, ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు. చెమటకే అనుకోండి.

అయిదో వారం చివర కోడలు రెండు రోజులకి పుట్టింటికి వెళ్లింది. ఆదివారం షాపు సెలవు. పొద్దున్నే మా ఆయన ఒక చీటీ ఇచ్చారు. సిద్ధమైన వస్తువులవాళ్లకి మాత్రమే కనబడాలని పైన రాసి, కింద ఇలా ఉంది: "మీది లేచి తిరుగుతోంది. మిమ్మల్ని అడుగుతోంది. రేపు వచ్చి తీసుకెళ్లండి." నాకు భలే నచ్చింది. సిద్ధమైనవాళ్లకి అంటే "ఇలా అయితే ఇది" అని రాయాలి. కోడలు వచ్చాక రాయొచ్చు. కానీ అప్పటికి నాకు కొంచెం కొమ్ములొచ్చాయి. కూర్చుని రాసేశాను. సిద్ధంగా ఉన్న ఒక టోకెన్ నంబరు కొట్టి చూశాను. లేచి తిరుగుతోందని వచ్చింది. ఆయనకి చూపించాను. ఆయన చప్పట్లు కొట్టారు. ఇద్దరం హాయిగా భోజనం చేసి పడుకున్నాం.

సోమవారం తొమ్మిదింటికి వెళ్లేసరికి షాపు ముందు జనం. మెట్ల మీద, అరుగు మీద, టైలరు మాస్టారి గుమ్మం దాకా. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. షట్టరు ఎత్తీ ఎత్తకముందే నలభై చేతులు ఫోన్లు చూపించాయి. అన్నిట్లోనూ అదే: మీది లేచి తిరుగుతోంది.

లోపల నిజంగా తిరిగేవి తొమ్మిది. మిగిలినవి రెక్కలొకచోట, మోటార్లొకచోట బల్లనిండా పరుచుకుని ఉన్నాయి.

ఒక లారీ డ్రైవరు తన కూలరు కోసం డ్యూటీ మార్చుకుని వచ్చాడట. ఇంకొకాయన బండి మాట్లాడుకుని తెచ్చాడు, అది వీధిలో నిలబడి ఉంది. నేను తొమ్మిది పేర్లు చదవబోతే నా గొంతు నాకే వినబడలేదు. వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు: "మీరు కాదమ్మా. ఆయన్ని చెప్పమనండి. రోజూ పేజీలో అన్ని కబుర్లు చెబుతున్నారుగా, మా ముందుకొచ్చి చెప్పమనండి."

మా ఆయన బల్ల దగ్గర నుంచి లేచారు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించారు. ఛాతీ నిండా ఊపిరి తీసుకోవడం నాకు కనబడింది. ఆ రోజు ముప్ఫై ఆరోది. మా మధ్య రిజిస్టరూ, మూడు కూలర్లూ ఉన్నాయి, నా చెయ్యి అందలేదు. ఆయన నోరు తెరిచారు.

"మామయ్యా, వద్దు."

జనాన్ని తోసుకుంటూ కోడలు వచ్చింది. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది. దాన్ని కూలరు మీద పడేసి, నా స్టూలు లాక్కుని ఎక్కి నిలబడింది. అరవై మంది పిల్లల తరగతిని కూర్చోబెట్టే గొంతు ఆమెకుందని ఆ రోజే విన్నాను.

"అందరూ ఒక్క నిమిషం వినండి. పేజీ మీకు తప్పు చెప్పింది. తప్పు మా షాపుదే. మిమ్మల్ని ఇంతదూరం రప్పించింది మేమే, కాబట్టి ఉత్త చేతులతో పంపించం. తొమ్మిది సిద్ధంగా ఉన్నాయి, ఇప్పుడే పేర్లు చదువుతాను. మిగిలినవాళ్లలో ఇవాళే కావలసినవాళ్లు చేతులెత్తండి."

జనం నిజంగానే చేతులెత్తారు. నేను రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాను గానీ కాసేపు ఏమీ రాయలేదు. "మా షాపు" అంది కోడలు. తర్వాత రాయడం మొదలుపెట్టాను.

తొమ్మిదీ ఇచ్చేశాక ఆమె దిగి కంప్యూటరు తెరిచింది. ఆ వరస కనిపెట్టడానికి ఆమెకి అర నిమిషం పట్టలేదు. ఎవరు రాశారని అడగలేదు. తెర నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"అత్తయ్యా, రెండు ఈక్వల్ గుర్తులు పెడితే సిద్ధమేనా అని అడిగినట్టు. ఒకటే పెడితే సిద్ధమైపో అని చెప్పినట్టు."

నేను అడగలేదు. ఆజ్ఞాపించాను. అన్ని ఫ్యాన్లూ, కూలర్లూ, మిక్సీలూ కిక్కురుమనకుండా సిద్ధమైపోయాయి. నేను పరీక్షించిన ఆ ఒక్కటీ ముందే సిద్ధంగా ఉంది గనక నాకు తెలియలేదు.

నేను లేచి నిలబడ్డాను. "ఇది మా కోడలు రాయలేదండీ. తను ఊళ్లోనే లేదు. రాసింది నేను," అన్నాను.

ముందు వరసలో ఉన్న పంతులమ్మ కళ్లజోడు సవరించుకుని, "నువ్వు రాశావా? ఏదీ, నన్ను చూడనీ," అని కౌంటరు మీదికి వంగింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వంగారు. ఒక గుర్తు తక్కువైతే ఇంతమంది పరిగెత్తుకొచ్చారా అని లారీ డ్రైవరు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు వెనక్కి వెనక్కి టైలరు మాస్టారి గుమ్మం దాకా వెళ్లింది. మా ఆయన చప్పుడు లేకుండా భుజాలు ఎగరేస్తూ నవ్వుతుంటే కళ్ల నీళ్లు కారాయి. "నవ్వడానికి కూడా గొంతు వాడకండి మామయ్యా," అని కోడలు కసిరింది. ఆయన బుద్ధిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

రెండో గుర్తు నా చేతే పెట్టించింది.

ఆ రోజు మా షాపు ఎలా నడిచిందో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉండగలిగినవాళ్లు ఉండిపోయారు. లారీ డ్రైవరు తన కూలరు మరలు తనే విప్పి బల్ల మీద పెట్టాడు. పంతులమ్మ స్టూలు మీద కూర్చుని టోకెన్లు వరసలో పెట్టింది. టైలరు మాస్టారు అందరికీ టీ తెప్పించారు. మా వాడు తలెత్తకుండా మోటార్లు చుడుతుంటే పక్కనే వాళ్ల నాన్న బిగించి ఇస్తుంటే, ఒక్కొక్కటి తిరగ్గానే కోడలు పట్టికలో మార్చేది, వస్తువుగలాయన అక్కడే నిలబడి ఫోన్లో చూసుకుని, "ఇప్పుడు నిజంగానే తిరుగుతోందట," అని చదివేవాడు. షట్టరు దించేసరికి ఇరవై రెండు పూర్తయ్యాయి. అంతకు ముందు ఒక్క రోజులో పద్నాలుగు దాటింది లేదు.

ఇంటికొచ్చాక కోడలు వంటింట్లోకి వెళ్లి గ్లాసులున్న అలమార తలుపు తీసి, పై అరలోవి కిందికి, కింది అరలోవి పైకి మార్చింది. తనకి అందడం లేదంది. నేను కూర్చోమనలేదు. మర్నాడు నాకు గ్లాసు ఎక్కడుందో ఆమెనే అడగాల్సి వచ్చింది.

ఆరో వారంలో మొదటి వాన పడింది. ఫ్యానులు తగ్గి, తడిసిన మోటార్లు రావడం మొదలయ్యాయి. నలభై రెండు రోజులు నిండాక ఆయన్ని తీసుకుని నేనూ, కోడలూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మళ్లీ ఆ గొట్టం లోపలికి పంపి తెర వైపు చాలాసేపు చూసింది. ఆ కాసేపూ కోడలు నా చెయ్యి పట్టుకుని ఉంది, లేక నేనే ఆమెది పట్టుకున్నానో.

"కరిగిపోయాయి. ఆపరేషన్ అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "ఇక నుంచి రోజుకి పది నిమిషాలు, మెల్లగా. పై వారం ఇంకాస్త పెంచుదాం. ఏదీ, ఒక మాట అనండి."

జన్మలో మాటకి తడుముకోని మనిషి, ఏమనాలో తోచక కూర్చున్నారు. నా వైపు చూశారు. నన్నే పిలుస్తారనుకున్నాను. కోడలి వైపు చూశారు. తనకే ఏదో చెబుతారని ఆమె ముందుకి వంగింది. ఆయన చూపు మెల్లగా పైకి పోయింది. మా నెత్తిన డాక్టరమ్మ గది ఫ్యాను, తిరిగిన ప్రతిసారీ ఒక చిన్న కీచుమనే చప్పుడు చేస్తోంది.

"ఈ ఫ్యానుకి బేరింగు పోయిందమ్మా," అన్నారు.

గొంతు మునుపటంత పెద్దగా లేదు. కొత్తగా, పల్చగా, శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ తల ఎత్తి ఫ్యాను వైపు చూసింది. చాలా రోజులుగా అలాగే అరుస్తోందనీ, ఎవరికి చూపించాలో తెలియలేదనీ ఒప్పుకుంది. ఆ మాత్రం చాలు ఆయనకి. ఏ బేరింగు వెయ్యాలో, ఎందుకు పోయిందో, ఎప్పుడు దింపించి పంపితే బాగుంటుందో, ఈలోగా ఎంత స్పీడులో తిప్పుకోవాలో మెల్లమెల్లగా, ఒక్కొక్క మాటే రుచి చూస్తున్నట్టు చెప్పుకొచ్చారు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా ఆవిడ ఆపలేదు. తలుపు తీసి మమ్మల్ని పంపిస్తూ గడియారం చూపించింది. పది నిమిషాల్లో ఎనిమిది అయిపోయాయి.

మిగిలిన రెండూ బస్సులో కోడలి పక్కన కూర్చుని వాడేసుకున్నారు. వెనక సీట్లో ఉన్న నాకు ఏం చెబుతున్నారో వినబడలేదు గానీ, ఆమె పకపకా నవ్వడం బస్సంతా విన్నారు. నా వంతు కోసం నేను మర్నాడు పొద్దుటి దాకా ఆగాల్సి వచ్చింది.